ఆశ్రయార్థుల తిరుగు పంపకం (జింబాబ్వే)

రాజకీయ కారణాల వలన స్వదేశం విడిచి వేరొక దేశంలో ఆశ్రయం కోరినవారిని ఆశ్రయార్థులు అంటారు. వారి దరఖాస్తు తిరస్కరింపబడినప్పుడు ఆ దేశ ప్రభుత్వం వారిని స్వదేశానికి తిప్పి పంపవచ్చును. ఈ విధంగా తిరిగి వెళ్ళిన ప్రభుత్వ వ్యతిరేకులకు నిర్బంధం, చిత్రహింస వంటి ప్రమాదాలు ఎదురు కావచ్చును. కొన్ని దేశాలలో విదేశంలో ఆశ్రయం కోరడమే ద్రోహంగా పరిగణింపబడుతుంది. బ్రిటన్ నుండి జింబాబ్వేకు పంపవలసిన వారి విషయంలో 2005, 2013 సంవత్సరాల మధ్య వచ్చిన తీర్పులు ఈ సమస్యకు ముఖ్యమైన ఉదాహరణలు.

చట్టపరమైన ఆధారం

1951 నాటి శరణార్థుల ఒడంబడిక 33వ అధికరణం ప్రకారం, జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం అనే కారణాల వలన ప్రాణానికి గాని, స్వేచ్ఛకు గాని ముప్పు ఉన్న చోటికి శరణార్థిని పంపరాదు. 1984 నాటి ఐక్యరాజ్య సమితి చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక 3వ అధికరణం కూడా ఇటువంటి నిషేధాన్నే విధించినది. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1996లో చాహల్ కేసులో, ఒక సిక్కు వేర్పాటువాదిని భారతదేశానికి పంపరాదని తీర్పు చెబుతూ, దేశ భద్రతను కారణంగా చూపినా ఈ నిషేధం సడలదని స్పష్టం చేసినది. భారతదేశం 1951 ఒడంబడికలో భాగస్వామి కాదు.

నేపథ్యం

1980లో స్వతంత్రమైన జింబాబ్వేను రాబర్ట్ ముగాబే నాయకత్వంలోని జాను-పి.ఎఫ్. పార్టీ పాలించినది. 1999లో మోర్గన్ స్వాంగిరాయ్ నాయకుడుగా ఎం.డి.సి. అనే ప్రతిపక్షం ఏర్పడినది. 2000 ఎన్నికల నాటి నుండి ఆ పార్టీ కార్యకర్తలపై దాడులు పెరిగాయి. అనేకులు పూర్వపు వలస పాలక దేశమైన బ్రిటన్‌కు చేరారు. బ్రిటన్ 2002 జనవరిలో బలవంతపు పంపకాలను నిలిపివేసి, 2004 నవంబరులో తిరిగి ప్రారంభించినది. 2005 జూన్‌లో నిర్బంధ కేంద్రాలలోని జింబాబ్వే దేశస్థులు నిరాహార దీక్ష చేశారు. అదే సమయంలో జింబాబ్వే ప్రభుత్వం పట్టణాలలో కూల్చివేతలు సాగించినది. ఇందువలన సుమారు 7 లక్షల మంది ఇల్లు గాని, జీవనోపాధి గాని, లేక రెండూ గాని కోల్పోయారని ఐక్యరాజ్య సమితి ప్రతినిధి నివేదిక అంచనా వేసినది.

ప్రమాదం ఏ విధంగా కలుగుతుంది

తనంతట తాను తిరిగి వచ్చే ప్రయాణికుడు విమానాశ్రయంలో సామాన్యంగా గుర్తింపబడడు. బలవంతంగా పంపబడినవాడు మాత్రం తేలికగా గుర్తింపబడతాడు. హరారే విమానాశ్రయంలో అటువంటి వారిని కేంద్ర గూఢచారి సంస్థ (సి.ఐ.ఓ.) అధికారులు ప్రశ్నించేవారు. మొదటి విచారణలో అనుమానం కలిగినవారిని రెండవ దశ విచారణకు తీసుకొనిపోయేవారు. తీవ్రమైన హింసకు ఆస్కారం ఈ దశలోనే ఎక్కువ.

దరఖాస్తు తిరస్కరింపబడినంత మాత్రాన ప్రమాదం లేదని తేలినట్లు కాదు. ప్రాణభయంతో పారిపోయినవారి వద్ద సాక్ష్యపత్రాలు అరుదుగా ఉంటాయి. చిత్రహింసకు గురైనవారు తేదీలను, సంఘటనలను పొరపాటుగా చెప్పవచ్చును. తిరిగి పంపిన తరువాత వారికి ఏమి జరిగినదో తెలుసుకొనే ఏర్పాటు కూడా సాధారణంగా ఉండదు. అందువలన తప్పుడు నిర్ణయం బయటపడటం కష్టం.

ముఖ్యమైన తీర్పులు

2005 అక్టోబరులో బ్రిటిషు ఆశ్రయ ట్రిబ్యునల్, బలవంతంగా పంపబడిన ఆశ్రయార్థులందరికీ విమానాశ్రయంలోనే ప్రమాదం ఉన్నదని నిర్ణయించినది. 2006 ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానం దీనిని కొట్టివేసినది. సొంతంగా, సురక్షితంగా తిరిగి వెళ్ళగలిగిన వ్యక్తి కేవలం బలవంతపు పంపకం వలన కలిగే ముప్పు కారణంగా శరణార్థి కాజాలడని ఆ న్యాయస్థానం అభిప్రాయపడినది. 2006 ఆగష్టులో ట్రిబ్యునల్ తిరిగి విచారించి, ఎం.డి.సి. కార్యకలాపాలు, సైనిక నేపథ్యం వంటివి ఉన్నవారికే ప్రమాదమని తేల్చినది.

2008 ఎన్నికల హింసతో పరిస్థితి మారినది. గ్రామాలలో యువజన దళాలు, మాజీ స్వాతంత్ర్య యోధులు దారులు కాచి, పార్టీ కార్డు చూపమని, పార్టీ పాటలు పాడమని అడిగేవారు. చాలాకాలం విదేశంలో ఉన్నవారికి ఈ పరీక్షలో నెగ్గడం కష్టం. అందుచేత జాను-పి.ఎఫ్. పట్ల విధేయతను నిరూపించుకోలేని వారందరికీ ముప్పు ఉన్నదని 2008 నవంబరులో ట్రిబ్యునల్ నిర్ణయించినది.

మరి ఏ పార్టీకీ చెందనివారు ప్రాణం కాపాడుకొనుటకు అబద్ధమాడవచ్చును కదా అను ప్రశ్న 2012 జూలైలో బ్రిటన్ సుప్రీం కోర్టు ముందుకు వచ్చినది. అభిప్రాయం కలిగి ఉండే హక్కుతో సమానంగా, ఏ అభిప్రాయమూ లేకుండా ఉండే హక్కుకు కూడా రక్షణ ఉన్నదని, లేని విధేయతను నటించమని ఎవరినీ కోరరాదని న్యాయస్థానం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది.

తరువాతి పరిణామాలు

2009 ఫిబ్రవరిలో స్వాంగిరాయ్ ప్రధానమంత్రిగా సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడినది. 2010 అక్టోబరులో బ్రిటన్ పంపకాలను పునరుద్ధరించనున్నట్లు ప్రకటించినది. ఎం.డి.సి.తో చెప్పుకోదగిన సంబంధం లేనివారికి సాధారణంగా ముప్పు లేదని, కొన్ని గ్రామీణ ప్రాంతాలలో మాత్రం ప్రమాదం మిగిలి ఉన్నదని 2013లో ట్రిబ్యునల్ పేర్కొన్నది. సైన్యం జోక్యం తరువాత 2017 నవంబరులో ముగాబే రాజీనామా చేసినా, అధికారం జాను-పి.ఎఫ్. చేతిలోనే ఉండిపోయినది.

ఇవి కూడా చూడండి

శరణార్థి
జింబాబ్వే
రాబర్ట్ ముగాబే
ఐక్యరాజ్య సమితి