ఇసుక కంటే తేలికైన గింజ

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు సెలవుల్లో రాజమహేంద్రవరం వెళ్లొచ్చి, "సార్, రాయిని పగలగొట్టి గ్యాస్ తీస్తారట, నిజమేనా?" అని అడిగాడు. తెలుగు మాష్టారిని అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ నా బదిలీల్లో ఒకటి గోదావరి జిల్లాలోనూ పడింది కాబట్టి నాకు తెలిసినంత చెప్పాను.

షేల్ అంటే పలకలు పలకలుగా ఉండే బంకమట్టి రాయి. దాని సన్నని రంధ్రాల్లో గ్యాస్ చిక్కుకుని ఉంటుంది. బావిలోకి విపరీతమైన ఒత్తిడితో నీళ్లు పంపితే రాయి చీలుతుంది. పంపు ఆపగానే పైనున్న నేల బరువుకు ఆ చీలిక మూసుకుపోతుంది. అందుకే నీళ్లతోపాటు ఇసుక పంపుతారు. మన చౌల్దారీ పెరట్లో గెల వేసిన అరటి ఒరగకుండా ఊతకర్ర పెడతాం కదా, ఆ ఇసుక గింజలు చేసే పనీ అదే. ఈ ఊతపు గింజలనే ప్రాపెంట్ అంటారు. వాటి సందుల్లోంచి గ్యాస్ బయటికొస్తుంది.

చిక్కేమిటంటే ఇసుక నీటికంటే 2.65 రెట్లు బరువు. చీలిక చివరిదాకా వెళ్లకుండా దారిలోనే కూలబడుతుంది. ఊతం అందని చోట చీలిక మూసుకుపోతుంది. నీటిని చిక్కబరిస్తే ఇసుక తేలుతూ పోతుంది. దేనితో చిక్కబరుస్తారో తెలుసా? మీరు కంచంలో పక్కకు నెట్టేసే గోరుచిక్కుడు గింజల జిగురుతో! ప్రపంచంలో ఆ పంట ఎక్కువగా పండేది మన దేశంలోనే, అందులోనూ రాజస్థాన్‌లో. అయితే ఆ జిగురు మడ్డి కొంత లోపలే మిగిలి గ్యాస్ దారికి అడ్డుపడుతుంది.

అప్పుడు గింజనే తేలిక చేద్దామనుకున్నారు. అక్రోట్ చిప్పల పొడికి రెజిన్ పట్టించి చేసిన గింజలు నీటికి 1.25 రెట్లు, ఒక రకం ప్లాస్టిక్ పూసలు 1.05 రెట్లు మాత్రమే బరువు. ఇక్కడ లెక్క చేయండి. నీటి బరువు తీసేస్తే ఇసుకకు మిగిలేది 1.65, అక్రోట్ గింజకు 0.25. పరిమాణం ఒకటే అయిన సన్నని గింజలైతే, స్టోక్స్ సూత్రం ప్రకారం అక్రోట్ గింజ ఇసుక కంటే సుమారు ఆరున్నర రెట్లు మెల్లగా దిగుతుంది. పూస అయితే 33 రెట్లు.

క్లాసులో రెండు గ్లాసుల నీళ్లు పెట్టాం. ఒకదాంట్లో ఇసుక, రెండోదాంట్లో రాత్రంతా నానబెట్టిన కొబ్బరిచిప్ప రవ్వ వేశాం. అక్రోట్ మనకు ఖరీదు, కొబ్బరికేం కరువు! ఇసుక చటుక్కున అడుగు చేరింది. చిప్ప రవ్వ ఊగుతూ ఊగుతూ దిగింది.

"మరి అన్నిచోట్లా అదే వాడొచ్చుగా?" అన్నాడు మనవాడు. కుదరదు. కిలోమీటరు లోతుకు సుమారు 25–30 డిగ్రీల వేడి పెరుగుతుంది. మండపేట దగ్గర గ్యాస్ ఉన్న బిగువు రాళ్లు దాదాపు మూడు కిలోమీటర్ల లోతులో, ఆపైన ఉన్నాయి. ఆ వేడికీ బరువుకూ ప్లాస్టిక్ మెత్తబడి నలిగిపోతుంది. అక్కడ బాక్సైట్‌ను కాల్చి చేసిన గట్టి గింజలు నిలుస్తాయి, కానీ అవి ఇసుక కంటే బరువు. తేలిక కావాలంటే బలం తగ్గుతుంది, బలం కావాలంటే బరువు పెరుగుతుంది.

కృష్ణా గోదావరి లోయలో కొమ్ముగూడెం పేరుతో పిలిచే పాత షేల్ పొర ఉంది. మన దేశంలో 2011లో దుర్గాపూర్ దగ్గర షేల్ గ్యాస్ కనిపించింది, 2013లో విధానమూ వచ్చింది. వ్యాపార స్థాయిలో గ్యాస్ మాత్రం ఇంకా రాలేదు. ఒక్క షేల్ బావికి కోటి లీటర్ల పైగా నీళ్లు కావాలి. ఆ మాట చెప్పగానే, ఎండాకాలంలో కుళాయి వచ్చే రోజు కోసం ఎదురుచూసే మా క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"అన్ని నీళ్లు ఎవరి దగ్గర తీసుకుంటారు సార్?" అంది ముందు బల్ల మీది అమ్మాయి.