గ్రామ సంఘం సొంత నిధి పెరుగుతోందా, తరుగుతోందా? ఇలా చూసుకోండి

ఎవరి కోసం: గ్రామ సంఘంలో చేరిన పొదుపు సంఘాల అక్కచెల్లెమ్మలందరికీ.

పాస్‌బుక్‌లో అంకె పెద్దగా ఉంటే సంఘం బాగుందనుకుంటాం. కానీ అందులో స్త్రీనిధికి, బ్యాంకుకు కట్టాల్సిన డబ్బు కూడా ఉండొచ్చు. సంఘాలు దాచుకున్న పొదుపు కూడా గ్రామ సంఘం తిరిగి ఇవ్వాల్సిందే. అవన్నీ తీసేస్తే మిగిలేదే సొంత నిధి.

లెక్క ఎలా వేయాలి?
ఏటా మార్చి 31 నాటికి ఈ మూడూ రాసుకోండి.
1. ఉన్నది: చేతి నగదు, బ్యాంకు నిల్వ, సంఘాల నుంచి రావాల్సిన అప్పు.
2. ఇవ్వాల్సింది: పొదుపు, బయటి అప్పులు.
3. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే సొంత నిధి.

ఉదాహరణ (అర్థం కావడానికి మాత్రమే):
2024: నగదు, బ్యాంకు కలిపి రూ.1,20,000. రావాల్సింది రూ.8,00,000. ఇవ్వాల్సింది రూ.8,20,000. సొంత నిధి రూ.1,00,000.
2025: నగదు, బ్యాంకు కలిపి రూ.2,00,000. రావాల్సింది రూ.9,00,000. ఇవ్వాల్సింది రూ.10,40,000. సొంత నిధి రూ.60,000.

చూశారా? చేతిలో, బ్యాంకులో డబ్బు రూ.80,000 పెరిగింది. సొంత నిధి మాత్రం రూ.40,000 తగ్గింది. ఒక్క ఏడాది పాస్‌బుక్ చూస్తే ఇది తెలియదు. అందుకే కనీసం మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఎన్ని నెలలకు సరిపోతుంది?
గౌరవ వేతనం, ప్రయాణాలు, పుస్తకాలు కలిపి నెల ఖర్చు రూ.10,000 అనుకుందాం. 2024లో పది నెలలకు సరిపోయే నిధి, 2025లో ఆరు నెలలకే వస్తుంది.

బకాయిలు మరువొద్దు
రావాల్సిన అప్పులో వాయిదాలు తప్పినవి ఎన్ని? ఎన్నాళ్లుగా? మొండి బకాయి రూ.50,000 ఉంటే, పై లెక్కలో నిజంగా మిగిలేది రూ.10,000 మాత్రమే.

సమావేశంలో అడగాల్సినవి
• నగదు పుస్తకం, పాస్‌బుక్ అంకెలు సరిపోతున్నాయా?
• ప్రతి ఖర్చుకూ రసీదు, తీర్మానం ఉన్నాయా?
• ఆడిట్ ఎప్పుడు జరిగింది? అందరికీ చదివి వినిపించారా?

లెక్క అడగడం ఎవరినీ అనుమానించడం కాదు, అది సభ్యురాలి హక్కు. సరైన జవాబు రాకపోతే మీ సీసీకి, ఏపీఎంకి లేదా మండల సమాఖ్యకు రాతపూర్వకంగా తెలపండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.