రెండున్నర కిలోల లెక్క

2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. ఆఖరి ప్రయత్నానికి బార్ మీద 137.5 కిలోలు పెట్టారు. అది ఆమెకు లొంగలేదు. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరి మొత్తమూ 242.5 కిలోలే. కాంస్యంతోనే ఆమె ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

అప్పటి పోటీల్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. 130 మీద ఒక్క మెట్టు ఎక్కితే 132.5. ఆమె ఒకేసారి మూడు మెట్లు ఎక్కాలని చూసింది. పతకం ఖాయమయ్యాక, స్వర్ణం కోసం, ఆఖరి ప్రయత్నంలో చేసిన సాహసమది. అక్కడ అది సబబే. చిక్కల్లా మామూలు మనుషులు ఆ సాహసాన్ని మొదటి రోజే చేయడంతో వస్తుంది. ఏళ్ల తరబడి కుర్చీలోంచి కదలని మనిషి ఉగాది మర్నాడు తెల్లవారుజామున లేచి గంటసేపు పరుగెడతాడు, అన్నం మానేస్తాడు, నెలలో పది కిలోలు తగ్గాలంటాడు. వారం తిరిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి, కొత్త బూట్లు గుమ్మం పక్కన మూలకు చేరతాయి. అతనికి పట్టుదల లేదని ఇంట్లోవాళ్లు అంటారు. నిజానికి తప్పింది పట్టుదల కాదు, లెక్క.

ఒక్కో మెట్టే ఎక్కే ఈ లెక్క మా రాజాం ప్రాంతానికి కొత్తది కాదు. 2022లో జిల్లాల పునర్విభజనతో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత జిల్లాలో ఊసవానిపేట ఉంటే, కొత్త జిల్లాలో నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఉంది. బరువులెత్తే ఆటకు పేరుపడ్డ ఊరది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి రజతం అందుకుంది. అంతటి లిఫ్టరైనా మొదట ఖాళీ బార్‌తో ఒళ్లు వేడెక్కించుకుని, ఆ తర్వాతే బరువు జోడించుకుంటూ పోవాలి.

మరి మామూలు మనిషికి ఎంత లక్ష్యం సరిపోతుంది? 2002లో అమెరికాలో మధుమేహం అంచున ఉన్న మూడు వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. అందులో ఒక వర్గానికి పెట్టిన లక్ష్యాలు రెండు: ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ. ఉత్తుత్తి మాత్ర (ప్లసీబో) వేసుకున్నవారితో పోలిస్తే వీరిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోల చిల్లర. 150 నిమిషాలంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కనీస లెక్క కూడా ఇదే. దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటుంది.

ఫోన్లు రోజూ గుర్తుచేసే పది వేల అడుగుల సంగతి వేరు. ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు ద్వారా ప్రచారమైంది. పదిహేను అధ్యయనాలను కలిపి 2022లో చూస్తే, అరవై దాటినవారికి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే ప్రయోజనం చాలావరకు అందుతోందని తేలింది. రెండు వేలు నడిచే పెద్దాయన మూడు వేలకు చేరడం ఎంతమాత్రం చిన్న విషయం కాదు.

నిలబెట్టుకోవడమే అసలు కష్టం. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే, కొత్త పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజులు పట్టేలా కనిపించింది. ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. ఈ ఒక్క మాట తెలిస్తే ఎంతోమంది నడక మానరు. పెళ్లికో, పండక్కో, తుపాను వానకో ఒక రోజు పోతుంది. మర్నాడు వెళ్తే చాలు. ‘రోజూ నడుస్తాను’ అనుకోవడం కన్నా ‘పొద్దున్న టీ తాగగానే చెప్పులేసుకుని బయటికి వెళ్తాను’ అనుకుంటే పని జరుగుతుంది. వేసవి నెలల్లో ఆ వేళను ఎండ ముదరకముందుకు జరుపుకోవాలి. తిండిలోనూ అంతే. అన్నం మానేసే బదులు ఒక ముద్ద తగ్గించి కూర పెంచుకోవచ్చు. పొద్దున్న పూట చోడి అంబలి ఈ నేలకు తెలియనిదేం కాదు.

మొదలుపెట్టే ముందు మాత్రం తన ఒంటి సంగతి తెలుసుకోవాలి. కిడ్నీ జబ్బుతో నలుగుతున్న ఉద్దానం ప్రాంతం పొరుగు జిల్లా శ్రీకాకుళంలోనే ఉంది. అందుకని జిమ్ములో ఎవరో చెప్పారని ప్రొటీన్ పొడులు, ఒళ్లు నొప్పులకు మాత్రలు ఇష్టారాజ్యంగా వాడకూడదు. ముందు డాక్టరును అడిగి రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవడం మంచిది. ముప్పై దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది ఉచితంగా చేస్తారు. ఆ అంకెలు ఒక కాగితం మీద తేదీ వేసి రాసిపెట్టుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుని పక్కనే రాసుకుంటే, లక్ష్యాన్ని పెంచాలో అక్కడే ఉంచాలో డాక్టరుతో మాట్లాడటానికి చేతిలో ఆధారం ఉంటుంది.