మట్టిముద్దను చూసిన కళ్లు

‘గోలెం’ అనే మాట హీబ్రూ బైబిలు మొత్తంలో ఒకేఒక్కసారి కనిపిస్తుంది. తల్లి గర్భంలో తాను ఇంకా రూపు దిద్దుకోని రోజులను తలచుకుంటూ దావీదు ఆ మాట వాడాడు (కీర్తన 139:16). మన తెలుగు బైబిలులో అది ‘పిండము’ అయింది.

తర్వాతి కాలంలో యూదు పండితులు ఈ మాటకు మరికొన్ని అర్థాలు చేర్చారు. ఆదాము సృష్టిని గంటలవారీగా వర్ణించిన తల్ముదు, అతనిలో ప్రాణం చేరకముందు ఉన్న దశను గోలెం అంది. మిష్నాలోనైతే జ్ఞానికి పూర్తి భిన్నమైనవాడు గోలెం. మందబుద్ధి అని ఎవరినైనా తిట్టడానికి ఇశ్రాయేలులో నేటికీ ఆ మాట వాడతారు!

జానపద కథల్లో మాత్రం గోలెం అంటే మనిషి చేసిన మట్టిమనిషి. 1609లో మరణించిన ప్రాగ్ నగరపు రబ్బీ యూదా లోవ్, తన ప్రజల రక్షణకు అలాంటివాణ్ణి చేశాడన్న కథ 19వ శతాబ్దంలో ప్రచారంలోకొచ్చింది. నుదుట ‘ఎమెత్’, అంటే సత్యం అని రాస్తే గోలెం లేస్తుందనీ, మొదటి అక్షరం చెరిపితే ‘మెత్’, అంటే మృతుడు అన్న మాట మిగిలి అది కూలిపోతుందనీ కొన్ని కథలు చెబుతాయి. తల్ముదులో ఇంకా పాత కథ ఒకటుంది. రావా అనే పండితుడు ఒక మనిషిని చేసి రబ్బీ జేరా వద్దకు పంపాడు. జేరా పలకరించాడు, జవాబు రాలేదు. వెంటనే, మట్టికి తిరిగి పొమ్మన్నాడు.

కొన్నేళ్ల క్రితం సండే స్కూల్లో ఒక బాబు కంఠత వాక్యం చెప్పలేక నిలబడిపోయాడు. ‘మట్టిబుర్ర’ అన్నాను నేను, అందరి ముందూ. పిల్లలు నవ్వారు. వెనక నిలబడిన వాళ్లమ్మ తల దించుకుంది. ఆ రాత్రి ప్రసంగం కోసం 139వ కీర్తన తెరిస్తే ఈ మాటే ఎదురైంది. జవాబు చెప్పలేనివాణ్ణి మట్టికి పంపేసిన జేరా, నేనూ ఒకటేనని అర్థమైంది. మరుసటి ఆదివారం అదే పిల్లల ముందు ఆ బాబునూ, వాళ్లమ్మనూ క్షమాపణ అడిగాను.

మాట, రూపం, తెలివి ఏవీ లేనినాడే దేవుడు గోలెంను చూశాడు. చూసి తోసేయలేదు, అతని దినాలన్నీ తన గ్రంథంలో రాసుకున్నాడు. మనం ‘మట్టి’ అని తేల్చేసినవారి మీద ఆయన చూపు ఈరోజుకీ నిలిచే ఉంది. మరి మన చూపు?