ఇసుకలో ఓడ - చట్రంలో లేని మనుషులు

మద్రాసు మెరీనా తీరాన ఇసుకలో కూరుకుపోయిన ‘స్టమాటిస్’ అనే ఆవిరి ఓడ ఫోటోను మన పాఠకుల్లో కొందరైనా చూసి ఉంటారు. 1966 నవంబరు 3న వచ్చిన తుఫాను దాన్ని, ‘మారి హోరా’ అనే మరో ఓడను ఒడ్డుకు తోసింది. ఇటువంటి ఫోటోలన్నిటిలోనూ ఓడే కథానాయకుడు. పక్కన నిలబడ్డ మనుషులు ఓడ ఎంత పెద్దదో చూపించే కొలబద్దలు మాత్రమే. ఈ చూపును గురించే కొంత చర్చించదలిచాను.

ముందు ఓడ ఒడ్డుకెలా వస్తుందో తెలుసుకుందాం. తుఫాను హెచ్చరిక అందగానే రేవు వదిలి నడిసముద్రానికి పోవడం పెద్ద ఓడకు క్షేమం. ఒడ్డుకు దగ్గరగా నిలిచిపోతే గాలి తాకిడికి లంగరు పట్టు వదిలేస్తుంది. ఆవిరి ఓడకు మరో చిక్కుంది. పొయ్యిలు చల్లారి ఉంటే బాయిలర్లలో చాలినంత ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది. అడుగుభాగం ఇసుకను తాకిందంటే ఇక ప్రతి కెరటమూ ఓడను మరింత బిగించేస్తుంది. అంటే ఓడ ప్రాణమంతా పొయ్యి దగ్గరి మనిషి చేతుల్లో ఉందన్నమాట. బొగ్గు ఓడల కాలంలో ఆ పొయ్యిల్లోకి బొగ్గు ఎగదోసినవాళ్లలో మన దేశపు కళాసీలు అనేకులు. తెల్లవారికన్నా తక్కువ జీతానికి ఆ చాకిరీ చేశారు. ఒడ్డున నిలిచిన కెమెరాకు ఆ గది కనబడదు.

ఆవిరి ఓడ మన గోదావరి వాళ్లకు వట్టి వింత కాదు. దాని డెక్కు మీద కూర్చునే మన కూలీలు రంగూను వెళ్లారు. అక్కడ తెలుగువాణ్ణి ‘కోరంగి’ అన్నారు. మా అన్నవరానికి దక్షిణాన, కాకినాడ దాటితే వచ్చే ఆ కోరంగి రేవును 1839 నవంబరులో ఉప్పెన ముంచింది. పారిస్‌లో డాగెర్ ఫోటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించింది అదే ఏడాది ఆగస్టులో! మూడు నెలల పసికందు కెమెరా కోరంగికి రాలేదు. వచ్చి ఉంటే విరిగిన ఓడల వైపు తిరిగేదా, కొట్టుకుపోయిన గుడిసెల వైపు తిరిగేదా?

2020 అక్టోబరు 13న విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చింది. జనం దానితో సెల్ఫీలు దిగారు. ఆ ఫోటోను మా తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించి ఏం కనబడుతోందని అడిగాను. అందరూ “ఓడ” అన్నారు. వేటకు పోయే ఇంటి కుర్రాడొకడు మాత్రం “లోపలివాళ్లు ఇంటికెళ్లారా మాస్టారూ?” అన్నాడు. ఆ 15 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ల కోసం అడిగినవాడు వాడొక్కడే.

వాస్తవికత అంటే కంటికి కనబడినదాన్ని ఉన్నదున్నట్టు దించడమని మనలో కొందరి అభిప్రాయం. ఆ పని కెమెరా మనకన్నా బాగా చేస్తుంది. చట్రం వెలుపల మిగిలిపోయిన మనిషిని వెతకడం రచయిత పని. తుఫాను మీద కథో కవితో రాయబూనినవారు ఆ కుర్రాడి ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు.