రోబో వచ్చినా ముందు కావలసింది సాలే!
మందు లేకుండా కలుపు నివారణ

వరి నాటిన మొదటి నెలన్నర, పత్తి మొలిచాక మొదటి రెండు నెలలు చేను శుభ్రంగా లేకపోతే వేసిన ఎరువు పంటకన్నా ముందు గడ్డే తింటుంది. ‘కూలీలు దొరుకుతలేరు, దొరికినా గిట్టుబాటయితలేదు’ అన్న మాట ఏ ఊరికి పోయినా వినబడుతోంది. పోనీ మందు కొడదామంటే, గ్లైఫోసేట్ వాడకంపై 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వమే ఆంక్షలు విధించింది. ఈ మధ్య కలుపు తీసే రోబోల మాట వినిపిస్తోంది. వాటి సంగతేమిటో, రెండెకరాల రైతుకు ఏమాత్రం పనికొస్తాయో చూద్దాం.

రోబో ఎట్లా పని చేస్తుంది?

యంత్రానికి బిగించిన కెమెరా నేలను ఫొటోలు తీస్తుంది. ఆకు ఆకారాన్ని బట్టి ఏది పంటో, ఏది కలుపో కంప్యూటర్ గుర్తిస్తుంది. ఆపై కొన్ని యంత్రాలు చిన్న కత్తులతో కలుపును పెకిలిస్తాయి. అమెరికాలో 2018లో మొదలైన కార్బన్ రోబోటిక్స్ కంపెనీ యంత్రమైతే ట్రాక్టరు వెనుక నడుస్తూ లేజర్ కిరణంతో కలుపు మొక్క మొగ్గను కాల్చేస్తుంది. ఇది పెద్ద పెద్ద కూరగాయల క్షేత్రాలకు తగింది. దాని ధర చిన్న రైతుకు అందేది కాదు.

ఇంకో సంగతి. తుంగకు భూమిలో గడ్డలుంటాయి. పైన కోసినా, కాల్చినా మళ్లీ మొలుస్తుంది. కాబట్టి ఒక్కసారి తిప్పి ఊరుకుంటే చాలదు.

మన చేతిలో ఉన్న యంత్రం

2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉమ్మడి రాష్ట్రంలోని రైతుల పొలాల్లో శ్రీ వరి సాగును పరీక్షించింది. 8-12 రోజుల లేత నారును 25 సెంటీమీటర్ల దూరంలో కుదురుకొక్కటి చొప్పున నాటడం ఇందులో పద్ధతి. నాటిన 10-12 రోజులకు పలుచగా నీరుంచి, సాళ్ల మధ్య కోనో వీడర్ తోయాలి. పది రోజులకోసారి, మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే కలుపు బురదలో కలిసి ఎరువవుతుంది. వేళ్లకు గాలి కూడా అందుతుంది. నల్లరేగడిలో తోయడం కష్టమే. అక్కడ మోటారు వీడర్ మేలు.

రైతులు పాటించవలసినవి

• పత్తిని నిలువు, అడ్డం అచ్చు తోలి గింజ వేస్తే గుంటుక రెండు వైపులా తిరుగుతుంది.
• కలుపు రెండు మూడు ఆకుల దశలో ఉండగానే, నేల పదును చూసి గుంటుక తోలాలి. ముదిరితే ఏ యంత్రమూ లాగలేదు.
• మొక్కల మొదళ్లలో మిగిలిన కలుపును చేత్తో తీయాలి. విత్తనం పడకముందే తీసేస్తే వచ్చే ఏడు బాధ తగ్గుతుంది.
• నలుగురైదుగురు రైతులు కలిసి ఒక పవర్ వీడర్ కొనుక్కోవచ్చు, లేదా అద్దెకు తెచ్చుకోవచ్చు. ఒక్కరే అప్పు చేసి కొనవద్దు.

రేపు రోబో అద్దెకు దొరికినా అది నడవాలంటే తిన్నని సాలు కావాలి. వెదజల్లిన చేనులో కొడవలి తప్ప వేరే దారి లేదు. అందుకే ఈ సీజన్ నుంచే సాళ్లలో విత్తడం, నాటడం అలవాటు చేసుకోవాలి.