అతిథి గది పాడుచేస్తే డిపాజిట్‌లో ఎంత పట్టుకోవచ్చు?

ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్ కింద గిరిజన కుటుంబాలకు హోమ్‌స్టే గదులు కొత్తగా కట్టుకోవడానికి 5 లక్షల వరకు, ఉన్నవి బాగుచేసుకోవడానికి 3 లక్షల వరకు సాయం ఉంది. గది వచ్చింది సరే. శ్రీరామనవమికి భద్రాచలం వచ్చినవాళ్లు మీ ఇంట్లో దిగి, పరుపు మీద కూర ఒలకబోసి పోతే?

దేవుడి దర్శనానికి వచ్చినవాళ్లను డబ్బు అడగడమా అని మన దగ్గర మొహమాటం. డిపాజిట్ తీసుకోవడం తప్పు కాదు. కానీ అది అద్దె కాదు, మీ దగ్గర ఉంచిన వాళ్ల డబ్బు. ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, ఏ నష్టానికి పట్టుకుంటారు అన్నది బుకింగ్ అప్పుడే వాట్సాప్‌లో పెట్టేయండి.

తాళం ఇచ్చేముందు పరుపు, ఫ్యాను, కుళాయి, తలుపు గడియ చిన్న వీడియో తీయండి. ఖాళీ చేసేటప్పుడు వాళ్లను పక్కన ఉంచుకునే మళ్లీ చూడండి. గోదావరి బ్రిడ్జి దాటి సారపాక చేరాక ఫోన్ చేసి "బకెట్ పగిలింది" అంటే ఎవరు నమ్ముతారు?

1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ముందే ఒక మొత్తం రాసుకున్నా దానికి లోబడి న్యాయమైన పరిహారమే దక్కుతుంది. నాలుగేళ్ల పాత పరుపుకి కొత్తదాని ధర అడగకండి. శుభ్రం చేయించిన ఖర్చు పట్టుకుని, రసీదు ఫొటో పంపి, మిగతాది వెంటనే ఫోన్‌పేలో వేసేయండి. అలికిన నేల గీసుకుపోవడం, దుప్పటి మాయడం నష్టం కాదు, వాడకం.

నష్టం డిపాజిట్ దాటినా లగేజీ ఆపకండి, ఆధార్ కార్డు తాకట్టు పెట్టుకోకండి. వివరాలు రిజిస్టర్‌లో రాసుకుని కార్డు ఇచ్చేయండి.